నాన్న గ్లాసు చెట్టు కోసం: శేషాచలం కొండల్లో నాలుగు రోజులు

గుంటూరులో మా ఇంటి వంటగది కిటికీలో ఐదు చెక్క గ్లాసులు ఉంటాయి. ఒకదానిలో దువ్వెన, ఒకదానిలో పెన్నులు, ఇంకోదానిలో చుట్ట చుట్టిన కరెంటు బిల్లులు. నాలుగోది ఊరికే ఉంది. ఐదోదానిలో మాత్రం నాన్న రాత్రి నీళ్లు పోసి మూత పెట్టి, పొద్దున్నే పరగడుపున తాగుతారు. షుగర్‌కి. వేగిస చెక్క గ్లాసు అది. నెలా నెలన్నర వాడాక నీళ్లలోకి రంగు దిగడం మానేస్తుంది. అప్పుడు కొత్తది కొంటారు, పాతది కిటికీ ఎక్కుతుంది.

మార్చిలో ఒకరోజు ఎందుకో, "ఈ చెట్టు ఎలా ఉంటుంది నాన్నా?" అని అడిగాను. ఆయనకి తెలియదు. అమ్మకి తెలియదు. రెండేళ్లుగా గ్లాసులు అమ్ముతున్నతను "అడవి చెట్టు సార్" అన్నాడు, అంతే. తిరుపతిలో మా చిన్నమామయ్యకి ఫోన్ చేశాను. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైన మనిషి. ప్రశ్న పూర్తి కాకముందే అందుకున్నాడు. వేగిసని వాళ్ల వైపు యేగి అంటారు.

"యేగి గురించా? ఎర్రచందనానికి తోడబుట్టింది రా అది. ఎర్రచందనం పేరు చెప్తే చిన్నపిల్లోడు కూడా చెప్తాడు. దీన్ని అడిగేవాడు లేడు. ఏప్రిల్ ఆఖర్లో రా, ఒకటి పూత మీద ఉంటాది. రెండోదానికి అప్పటికి పూత రాదు, చెట్టు చూపిస్తా."

ఎండల్లో తిరుపతికి ఎవరైనా దేవుడి కోసం వెళ్తారు. నేను చెట్టు కోసం వెళ్లాను.

ఏప్రిల్ 23, తిరుపతి

మధ్యాహ్నానికి చేరాను. అత్తయ్య రాగిసంగటి, శెనక్కాయల ఊరిబిండి, పుల్లగూర చేసి ఉంచింది. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. మా గుంటూరులో కారం తిన్న నోటికి ఊరిబిండి మెత్తగా ఉంటుందనుకున్నాను. రెండో ముద్దకి చెమట పట్టింది. "ఇది మా ఎండుమిరపకాయ, నవ్వుతానే కాలుస్తాది" అంది అత్తయ్య.

సాయంత్రం కపిలతీర్థం వైపు నడిచాం. ఏప్రిల్‌లో అక్కడ జలపాతం ఉండదు, తడి మరక ఉంటుంది. దగ్గర్లోనే అటవీ శాఖ ఎర్రచందనం గోడౌన్. పట్టుబడిన దుంగలు అక్కడ పెడతారు. లోపలికి పోనివ్వరు, పోవాలని మేమూ అనుకోలేదు. ఆ రోడ్డు మీద పోతుంటే మామయ్య గోడ వైపు గడ్డం ఎగరేసి చూపించాడు. "చూడు, చచ్చినాక కూడా దీనికి కాపలా."

బొమ్మలూ పూసలూ అమ్మే ఒక దుకాణంలో వేగిస గ్లాసులు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోటి 350 రూపాయలు. నాన్నకి ఒకటి తీసుకుందామని పర్సు తీశాను. మామయ్య చెయ్యి పట్టి ఆపి, దుకాణం కుర్రాడిని గ్లాసులో కాసిని నీళ్లు పోయమన్నాడు. కుర్రాడు మొహమాటపడ్డాడు గానీ పోశాడు. ఐదు నిమిషాలు కబుర్లు చెప్పుకున్నాం. ఈలోపు నీళ్లు గులాబీ రంగుకి తిరిగాయి.

"తమ్ముడూ, ఇది యేగి కాదు, రంగు పూసిందే," అన్నాడు మామయ్య, గొంతు పెంచకుండానే. కుర్రాడు కూడా పోట్లాడలేదు. "మాకు పంపిస్తారు సార్, మేము అమ్ముతాం" అన్నాడు. పాపం, నిజమే అయివుంటుంది.

ఇంటికొచ్చాక అత్తయ్య పోపులపెట్టె వెనక నుంచి అరచేతి మందం చెక్క ముక్క తీసింది. దాన్ని నీళ్లలో నానేసింది. ఎందుకో రేపు చూడమన్నారు.

ఏప్రిల్ 24, అలిపిరి మెట్లు

పొద్దున లేవగానే మామయ్య ఆ నీళ్లు గాజు గ్లాసులోకి వంచి పెరట్లో ఎండలో పెట్టాడు. పాలు లేని టీ రంగు. కొంచెం పక్కకి వంగి చూస్తే అంచున నీలంగా ఒక మెరుపు, నెమలి మెడ మీద ఉంటుందే, అలాంటిది. కన్ను కదిపితే పోతుంది, మళ్లీ వస్తుంది. "రంగు పూసినోడికి ఇది చేతకాదు," అన్నాడు. రెండేళ్లుగా నాన్న తాగుతున్న నీళ్లలో ఈ నీలం ఉందో లేదో నాకు తెలియదు. ఆయన గ్లాసుకి మూత ఉంటుంది, తాగేది చీకట్లో.

ఈ నీళ్లకి షుగర్ తగ్గుతుందా అని అడిగాను. 1990లలో భారత వైద్య పరిశోధన మండలి వాళ్లు కొత్తగా షుగర్ బయటపడ్డవాళ్లకి వేగిస మందు ఇచ్చి చూశారని, 1998లో ఫలితాలు అచ్చయ్యాయని, చాలామందిలో చక్కెర అదుపులోకి వచ్చిందని రాశారని చెప్పాడు. "అయితే అది చెక్క నుంచి తీసి, తూకం వేసి ఇచ్చిన మందు. పక్కన మందు ఇవ్వని జట్టును పెట్టి పోల్చింది కూడా కాదు. గ్లాసులో ఎంత దిగుతాదో ఎవరు తూచినారు? మీ నాయన మాత్రలు ఆపలేదు కదా?" ఆపలేదన్నాను. "అయితే తాగనీ."

ఆ తర్వాత అలిపిరి చేరాం. 3,550 మెట్లు. మామయ్యకి మోకాళ్లు బాగా లేవు, గాలిగోపురం దాకా వచ్చి దిగిపోతానని ముందే ఒప్పందం. మా ముందు ఒకావిడ ప్రతి మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెడుతోంది. ఆమె వెనక ఇద్దరు పిల్లలు కర్పూరం వెలిగించే పని పంచుకున్నారు, దాని మీదే పోట్లాట. 2023లో చిరుత దాడి జరిగినప్పటి నుంచి ఈ దారిలో పిల్లల చెయ్యి వదలొద్దని మైకులో చెప్తూనే ఉంటారు.

కొంత ఎక్కాక మామయ్య ఆగి నేల చూపించాడు. మెట్టు అంచున పసుపు పొడిలా ఏదో రాలి ఉంది. ఆవిడ రాసిన పసుపనుకున్నాను. వంగి చూస్తే పూలు. చిటికెన వేలి గోరు కన్నా కాస్త పెద్దవి, రేకుల అంచులు ఇస్త్రీ లేని చీర కుచ్చిళ్లలా ముడతలు. తల ఎత్తితే గోడ అవతల ఎర్రచందనం.

నేను ఊహించుకున్న చెట్టు కాదది. సినిమాలూ వార్తలూ చూసి పెద్ద మాను అనుకున్నాను. ఇది మహా అయితే మూడు నిలువుల ఎత్తు, కొన్ని అంత కూడా లేవు. బెరడు నల్లగా, పలకలు పలకలుగా చీలి, మొసలి వీపులా. ఆకు చూడమన్నాడు. ఒక్కో కాడకి మూడేసి గుండ్రటి రెబ్బలు, మారేడులాగా. "మూడు చూస్తే చందనం. ఐదు, ఏడు ఉండి, కొస కొంచెం నొక్కినట్టుంటే యేగి. రేపు నువ్వే చెప్పాల."

మేమిద్దరం తల ఎత్తి నిలబడేసరికి వెనక వచ్చేవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. పదిమందిమయ్యాం. ఒకాయన భయంగా, "పైన ఏముంది సార్? చిరతా?" అన్నాడు. "ఎర్రచందనం," అన్నాడు మామయ్య. గుంపంతా ఒక్కసారి "ఓ..." అని ఫోన్లు తీసింది. పసుపు రాస్తున్న ఆవిడ మాత్రం, "ఇదేనా? మా ఊరి కానుగ మాదిరుండాదే" అని మళ్లీ మెట్టు మీదకి వంగింది. ఆమె తప్పేమీ కాదు, రెండూ చిక్కుడు కుటుంబమే. నిజానికి మనం వాసన చూసే శ్రీగంధానికీ దీనికీ చుట్టరికమే లేదు. ఎర్రచందనం చెక్కకి వాసన ఉండదు. ఉన్నదల్లా రంగు. సాన మీద అరగదీస్తే ఎర్రగా దిగుతుంది, మొటిమలకి రాసుకునే రక్తచందనం అదే. నీళ్లలో వేస్తే దుంగ మునుగుతుంది, అంత బరువు.

గాలిగోపురం దగ్గర మజ్జిగ తాగుతూ మామయ్య పాఠం ఎత్తుకున్నాడు. ప్టెరోకార్పస్ అంటే రెక్క ఉన్న కాయ అట. ఈ రెండు చెట్లకీ అదే ఇంటిపేరు. ఒకటి శాంటాలినస్, అంటే గంధంలాంటిది. ఇంకోటి మార్సూపియం, సంచి అని అర్థం. కాయలు రెండింటివీ దాదాపు ఒకటే. అప్పడంలా పలచగా గుండ్రంగా, మధ్యలో గింజ ఉబ్బు, చుట్టూ రెక్క.

"తేడా యాడుందంటే ఇల్లు," అన్నాడు. ఎర్రచందనం ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే. శేషాచలం, వెలిగొండలు, పాలకొండలు, లంకమల, నల్లమలలో కొంత. వేగిస అలా కాదు. దేశంలో సగం అడవుల్లో ఉంది, నేపాల్‌లో ఉంది, శ్రీలంకలో ఉంది.

ఐయూసీఎన్ అని ప్రపంచంలో ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో లెక్కగట్టే సంస్థ ఉంది కదా, వాళ్ల ఎర్ర జాబితాలో ఎర్రచందనం 1990ల చివర్లో 'ప్రమాదంలో ఉన్నది'. 2018లో రెండు మెట్లు దించి 'ప్రమాదానికి దగ్గరగా ఉన్నది' అన్నారు. మూడేళ్లకే 2021 లెక్కలో మళ్లీ పైకెక్కించి 'ప్రమాదంలో ఉన్నది' అన్నారు. వేగిస 1998లో 'దెబ్బతినే స్థితి', 2017లో 'ప్రమాదానికి దగ్గరగా'. అంటే కాగితం మీద దాని పరిస్థితి బాగుపడింది.

"బాగుపడిందా మామా?"

"రేపు చూసి చెప్పు," అని దిగిపోయాడు. నేను పైదాకా ఎక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర నా మోకాళ్లు కూడా మామయ్య పక్షమే చేరాయి. దర్శనం సంగతి రాయను, అందరికీ తెలిసిందే. లడ్డూ మాత్రం దారిలోనే సగమైంది.

ఏప్రిల్ 25, భాకరాపేట, తలకోన

మామయ్య పాత కారు. ఏసీ పని చేయదు, చేస్తుందని ఆయన నమ్మకం. చంద్రగిరి దాటాక ఆయన మాటలు తగ్గాయి. 2015 ఏప్రిల్ 7న ఈ వైపు అడవిలోనే పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అంతా తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. మామయ్య ఒక్కటే అన్నాడు: "దుంగ కొన్నవాడు ఏ దేశంలో ఉండాడో ఎవురికీ తెలీదు. మోసినవాడి పేరు పేపర్లో వచ్చింది." చైనాలో ఎర్ర దుంగతో రాజుల కాలం నాటి తరహా సామాన్లు చేస్తారు, జపాన్‌లో తంత్రీ వాద్యాల మెడలకి వాడతారు. మధ్యలో ఉన్న ధరంతా ఆ సముద్రం దాటడానికే.

భాకరాపేట కనుమ మలుపుల్లో ఎర్రచందనాలు రోడ్డుకి రెండు వైపులా నిలబడి ఉన్నాయి, ఇప్పుడు నాకూ తెలుస్తున్నాయి. ఆ సంతోషంలో నేనే దారి చెప్తానని ఫోన్ పట్టుకున్నాను. ఫలితం: భాకరాపేటలో కుడికి తిరగాల్సింది వదిలేసి పీలేరు వైపు చాలా దూరం పోయాం. ఒక టీ బంకు దగ్గర అడిగితే, "తలకోనా? ఎనక్కి పోవాల సామీ, మీరు మదనపల్లికి పోతాండారు" అన్నాడు. రెండు టీలు, రెండు మైసూర్‌పాకులు, అరవై రూపాయలు. మైసూర్‌పాకు రాయిలా ఉంది. మామయ్య దాన్ని నములుతూ, వెనక్కి పోయేదాకా నన్ను ఏమీ అనలేదు. నోరు ఖాళీ లేక.

నెరబైలు దాటాక గాలి మారింది. తలకోన శేషాచలంలో తడి మూల. చుట్టూ కొండలు ఎండిపోయి ఉన్నా లోయలో పచ్చదనం, నీడ. చెక్‌పోస్టులో మనిషికో టికెట్టు, బండికో టికెట్టు, ప్లాస్టిక్ సీసాలకి విచారణ. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర కారు ఆపి, దారి చూపించడానికి ఒక పెద్దాయనని కుదుర్చుకున్నాం. యానాదులాయన. రోజుకి ఐదు వందలు అన్నాడు, మేమూ సరే అన్నాం. చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు, కాళ్లకి చెప్పులు కూడా లేవు.

"యేగి చూడాల పెద్దాయనా," అన్నాడు మామయ్య.

ఆయన కాసేపు మమ్మల్ని చూశాడు. "యేగా? అందురూ నీళ్లు పడేది చూడను వస్తారే. చందనం అడిగితే పోలీసుకి చెప్పాల. యేగి ఎందుకు?"

మా నాన్న గ్లాసు కథ చెప్పాను. నవ్వాడు, ముందు రెండు పళ్లు లేవు. "రాండి."

జలపాతం దారి వదిలి ఎడమకి, రాళ్ల వాగు పక్కన అరగంట. చెట్టంత లావున మెలికలు తిరిగిన గిల్లతీగ కింద నుంచి వంగి పోయాం. ఒకచోట నేను ఉత్సాహంగా "ఇదే!" అన్నాను, ఆకులు లెక్కబెట్టి. "అది నారేపి," అన్నాడు ఆయన, వెనక్కి తిరక్కుండానే. మామయ్యకి నవ్వాగలేదు.

తర్వాత ఆయనే ఆగాడు.

ఎర్రచందనం చూసిన కంటికి ఇది వేరే జాతి అనిపిస్తుంది. నిటారుగా పోయిన పెద్ద మాను, తల ఎత్తితే మెడ నొప్పి పుట్టేంత. బెరడు బూడిద రంగు, అక్కడక్కడా పసుపు జీర. రెబ్బలు ఐదు, ఏడు, కొస నొక్కినట్టు. ఈసారి సరిగ్గానే లెక్కబెట్టాను. కింద ఎండిన రెక్క కాయలు పోయినేడువి, కాలి కింద అప్పడాల్లా పెటపెటమంటున్నాయి. ఒకటి జేబులో వేసుకోబోతే పెద్దాయన చెయ్యి ఊపాడు. "పార్కులోది తీసకపోగూడదు." తిరిగి నేల మీద పెట్టాను.

మానుకి మా భుజం ఎత్తున ఒక గాటు. పాతది. దాని కింద ఎర్రటి బంక కారి ఎండి, గాజులా పగిలి ఉంది. రక్తం గడ్డ కట్టినట్టే. నాకు కొంచెం ఒళ్లు జలదరించింది. పెద్దాయన గోరుతో చిన్న పెళ్ల తీసి నాలుక మీద పెట్టుకోమన్నాడు. ఉమ్మెయ్యాలనిపించేంత వగరు. "పన్ను నొప్పికి, కడుపు కదిలితే, ఇదే. మా అమ్మ ఇదే పెట్టేది." తెల్లవాళ్ల కాలంలో దీన్ని కైనో అని పేరు పెట్టి మలబారు నుంచి ఓడల్లో మందుల దుకాణాలకి తీసుకుపోయారట. అప్పుడు బంక, ఇప్పుడు చెక్క.

"ముందు ఇక్కడ శానా ఉండేటివి," అన్నాడు పెద్దాయన. "కాడిమానుకి యేగి, బండికి యేగి, ఇంటికి యేగి. ఇప్పుడు బండ్లు ల్యా. గ్లాసులకంట."

"ఎవరైనా కొట్టుకుపోతే పట్టుకుంటారా?"

"పట్టుకుంటారు సామీ, అడవి మాను ఏది కొట్టినా తప్పే. గానీ చందనానికి టాస్కుఫోర్సు ఉండాది, కుక్కలుండాయి, కెమెరాలుండాయి. దీనికి నేనుండా." ఆ మాట ఆయన గొప్పకి అనలేదు, బాధకీ అనలేదు.

తిరిగొస్తూ మామయ్య చెప్పింది అప్పటికి గానీ నాకు బుర్రకెక్కలేదు. ప్రమాదంలో ఉన్న జంతువులూ మొక్కల వ్యాపారాన్ని అదుపు చేయడానికి దేశాలన్నీ కలిసి చేసుకున్న సైటిస్ అనే ఒప్పందం ఉంది. ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపారం మీద 1995 నుంచి దాని నిఘా ఉంది. 2022లో పనామా సమావేశంలో ఆఫ్రికాలో ఉండే ప్టెరోకార్పస్ జాతులన్నిటినీ అదే నిఘా కిందికి తెచ్చారు. మన వేగిస అందులో లేదు. "ఒకటి ఒకే ఇంట్లో ఉండే కుటుంబం రా. ఆ ఇంటికి నిప్పంటుకుంటే ఊరంతా చూస్తాది. ఇంకోటి వెయ్యి ఇండ్లలో ఉండాది. ఇంటికొకటి తగ్గితే ఎవరికి తెలుస్తాది? మొత్తం లెక్క మటుకు ఇంకా పెద్దగానే కనపడతాది." గ్లాసు నెలన్నరే పని చేస్తుందని నేను చెప్పాను. మామయ్యకి ఆ సంగతి తెలియదు. కారు తాళం చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. "అయితే మీ నాయన ఒక్కడికే ఏడాదికి ఎనిమిదా?" అన్నాడు. మనసులో కిటికీ లెక్కబెట్టుకున్నాను. కిటికీలో ఐదే ఉన్నాయి, మిగతావి ఎక్కడికి పోయాయో.

వేగిస పూత చూడలేదన్న లోటు నాకుంటే, మామయ్య మాటల్లో తీర్చాడు. వానలు మొదలయ్యాక మానంతా పచ్చటి పసుపు గుత్తులు, వాసన దారి పొడుగునా తెలుస్తుందట. ఎర్రచందనం పూత దాని ముందు పేదరాలే. తమిళంలో దీన్ని వేంగై అంటారు, పులికీ అదే మాట. నల్ల బండ మీద ఈ పూలు రాలితే పడుకున్న పులిపిల్లలా ఉంటుందని వాళ్ల పాత కవులు చెప్పుకున్నారట. వానాకాలంలో మళ్లీ రమ్మన్నాడు. వాగు దాటనిస్తేనే, అని పెద్దాయన కలిపాడు.

భోజనం నెరబైలులో ఒక ఇంట్లో. పొద్దున పోయేటప్పుడే చెప్పి పోయాం. నాటుకోడి పులుసు, సంగటి, ఉల్లిపాయ. ముగ్గురికీ కలిపి తొమ్మిది వందలు. పెద్దాయన మాతో కూర్చోవడానికి మొదట ఒప్పుకోలేదు, అరుగు మీద తింటానన్నాడు. మామయ్య తన ఆకు తీసుకుని అరుగు మీదకే పోయాడు. నేనూ పోయాను. ఇంటావిడ కాస్త ముఖం ముడుచుకుంది గానీ మారు వడ్డన తేడా లేకుండా వేసింది.

ఏప్రిల్ 26, రైల్వే కోడూరు

కడప రోడ్డు మీద మామండూరు, కుక్కలదొడ్డి, బాలపల్లి. రోడ్డు పక్కన అడవి, అందులో మళ్లీ ఎర్రచందనం. కోడూరు దగ్గరికి వచ్చేసరికి మామిడి, అరటి, బొప్పాయి తోటలు. మామయ్య పాత విద్యార్థి తండ్రి ఇక్కడ రైతు. ఇరవై ఏళ్ల కిందట నిమ్మతోట గట్ల మీద ఎర్రచందనం నాటాడు, లక్షలొస్తాయని ఎవరో చెబితే.

చెట్లు ఉన్నాయి. లక్షలు రాలేదు. "లోపల చేవ పట్టాలంటే ఇంకా ఏండ్లు కావాల. చేవ పట్టిన నాలుగింటిని ఒక రాత్రి ఎవురో కోసకపాయిరి. కేసు పెట్టను పోతే, నీ చెట్లకి కాయితాలేవన్నారు." తన పొలంలో చెట్టు కొట్టాలన్నా, తోలాలన్నా ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరగాలి. ఏ ఆఫీసో ఇక్కడ రాయను, ఆయన ఇంకా తిరుగుతూనే ఉన్నాడు కాబట్టి.

2023 నవంబర్‌లో సైటిస్ వాళ్లు ఎర్రచందనం విషయంలో మన దేశం మీద ఉన్న ప్రత్యేక సమీక్ష ఎత్తేశారని, దాంతో రైతులు పెంచిన చెట్ల ఎగుమతికి దారి తెరుచుకుంటుందని మామయ్య వివరించాడు. రైతు శ్రద్ధగా విన్నాడు. "మంచిదే సార్. ఆ కబురు కోడూరు దాకా ఇంకా రాల్యా."

కొట్టకూడదు, కొడితే తిప్పలు. అయినా ఆ మనిషి వల్లే అడవి బయట ఎర్రచందనం బతుకుతోంది. ధర ఉంది కాబట్టి దొంగలున్నారు, ధర ఉంది కాబట్టే నాటేవాడూ ఉన్నాడు. వేగిసకి దొంగ మాత్రమే ఉన్నాడు, అదీ చిన్న దొంగ.

ఈ మాట నా సొంత తెలివి కాదు, పక్కనే ఉన్న నర్సరీలో తెలిసింది. ఎర్రచందనం మొక్కలు వరసలు వరసలుగా ఉన్నాయి, పాతిక రూపాయలు. శ్రీగంధం ముప్పై. వేగిస ఉందా అంటే నర్సరీ అమ్మాయి లోపలికి కేకేసింది: "అన్నా, యేగి అంట!" లోపల్నుంచి నవ్వు వినిపించింది. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఇన్నేళ్లలో యేగి అడిగింది మీరే సార్. విత్తనం మొలవడం కష్టం, మొలిచినా ఎవరు కొంటారు? గ్లాసులైతే కావాల, మొక్క ఎవరికీ వద్దు." ఆర్డరిస్తే ప్రయత్నిస్తానన్నాడు, వంద మొక్కలకి తగ్గకుండా. మామయ్య జేబు తడుముకున్నాడు. నేను ఆకాశం చూశాను. చివరికి యాభైకి బేరం కుదిరింది, అడ్వాన్సు ఐదు వందలు. ఎక్కడ నాటాలో ఇద్దరికీ తెలియదు.

బయల్దేరబోతుంటే రైతు, "యేగి చూడను అంత దూరం ఎందుకు పోయినారు సార్, మా ఇంటికి రాండి" అన్నాడు. పాత మిద్దె ఇల్లు. ద్వారబంధం, తలుపు రెండూ వేగిస. వాళ్ల తాత చేయించిందట. గడపకి ఏళ్ల తరబడి రాసిన పసుపు చెక్కలోకి దిగి, ఏది పసుపో ఏది చెక్క రంగో తెలియడం లేదు. చేత్తో నిమిరితే నున్నగా, చల్లగా ఉంది. చెదలు? "ఇంతవరకూ పట్టల్యా." ఆ తలుపులో ఎన్ని గ్లాసులుంటాయని నేను మనసులో లెక్కేస్తున్నట్టు పసిగట్టాడేమో, "అమ్మం సార్," అన్నాడు నవ్వుతూ. రైతు భార్య మామిడికాయ ముక్కలు, ఉప్పుకారం తెచ్చింది. బుట్టెడు బొప్పాయిలు కారులో పెట్టించి, డబ్బులిస్తే కోప్పడింది.

ఏప్రిల్ 28, గుంటూరు

బొప్పాయిలు సగం రైల్లోనే పండిపోయాయి. ఇంటికొచ్చి బ్యాగు దించగానే నాన్న అడిగిన మొదటి మాట, "గ్లాసు తెచ్చావా?"

తేలేదన్నాను. ఫోన్‌లో తలకోన మాను చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి, ఎర్ర బంక దగ్గర ఆగి, పైదాకా జరిపి చూశారు. "ఇంత పెద్దదా!" అన్నారు. మానెక్కడో, మామయ్య ఏమన్నాడో, నర్సరీలో యాభై మొక్కల సంగతీ అంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నారు.

"తిరుపతిలో గ్లాసు ఎంతన్నాడు?"

"మూడు వందల యాభై. అదీ రంగు పూసింది."

"ఇక్కడ మూడొందలే," అన్నారు.

ఆ రాత్రి పాత గ్లాసులోనే నీళ్లు పోసి మూత పెట్టుకున్నారు. పొద్దున నేను ముందు లేచి మూత తీసి చూశాను. నీళ్లు పోసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఆయన వచ్చి తాగేసి, గ్లాసు కడిగి, కిటికీలో బోర్లించి, మాత్రల డబ్బా కోసం వెతుక్కుంటూ వెళ్లారు.